తార్రోడ్డు దిగాక: నాలుగు చక్రాల బండి కొత్తగా పట్టేవారికి



ఈ రోజు ప్రసంగం పేరు విని, బడిలో పాఠాలు చెప్పుకొనే టీచరమ్మకు జీపుల సంగతి ఎందుకని మీలో కొందరు నవ్వుకొంటూ ఉండవచ్చు. కోవిల్‌పట్టి, విళాత్తికుళం, సాత్తూరు, విరుదునగరం చుట్టుపక్కల పల్లెల్లో ఉండేవారు మాత్రం నవ్వరు. తార్రోడ్డు దిగి అరమైలు పోతే చాలు, ఐప్పసి, కార్తిగ నెలల్లో మన నల్లనేల మనిషి కాలి చెప్పునే వదలదు, బండి చక్రాన్ని వదులుతుందా?

నేను 2000 తర్వాత ఉద్యోగంలో చేరిన పల్లెకు బస్సు పెద్ద రోడ్డు దాకానే వచ్చేది. అక్కడినుంచి బడికి మూడు కిలోమీటర్ల బండిదారి. వానలు పట్టాయంటే ఊళ్ళో ఉన్న పాత జీపొక్కటే దిక్కు. టీచర్లూ, రేషన్ మూటలూ, ప్రసవానికి పోవలసిన ఆడవాళ్ళూ అందరికీ అదే. దాన్ని నడిపే పెద్దాయనకు మనలాగే ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. ఆయన దగ్గరే నేనూ ఆ బండి పట్టడం నేర్చుకొన్నాను. ఇప్పుడు నా దగ్గర చదివిన పిల్లలు పెద్దవాళ్ళై, సంపాదించుకొని, థార్ అనీ జిమ్నీ అనీ బండ్లు కొని, "టీచర్, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడుగుతున్నారు. వారికి చెప్పేదే మీకూ మనవి చేస్తాను.

ముందు నేల సంగతి. మనం నల్లరేగడి అంటాము, తమిళంలో కరిసల్ అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ మట్టికి రెగూర్ అని పేరు కనబడుతుంది. అది మన రేగడ అన్న మాటే, దొరల నోటబడి అలా అయింది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ‘గోపల్ల గ్రామం’ అనే తమిళ నవలలో ఉత్తరాన్నించి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారి కథ చెప్పారు. ఆ వచ్చినవారు ఈ నేలలోనే పాదు చేసుకొన్నారు గదా, దీని గుణం మన పెద్దలకు బాగా తెలుసు. ఎండితే చెయ్యి పట్టేటంత వెడల్పున పగుళ్ళిస్తుంది. తడిస్తే ఉబ్బుతుంది, జిగురుపడుతుంది. టైరు గాళ్ళన్నీ మట్టితో పూడిపోయి, రెండు చుట్లు తిరిగేసరికి చక్రం నున్నటి రోకలిబండ అవుతుంది. అప్పుడు మీ బండి ఎన్ని లక్షలదైనా ఒకటే.

ఇక బండి. ఎత్తుగా, లావుగా ఉన్నదల్లా నాలుగు చక్రాలూ లాగే బండి కాదు. మన రోడ్ల మీద తిరిగే బొలెరోల్లో చాలావాటికి వెనక చక్రాలే లాగుతాయి. థార్‌లోనూ 2023 నుంచి వెనక చక్రాలు మాత్రమే లాగే రకం వచ్చింది. చూడడానికి రెండూ ఒకలాగే ఉంటాయి. పాత బండి కొనేటప్పుడు పెద్ద గేరు లివరు పక్కన చిన్న లివరు ఉందా, అది నిజంగా పడుతోందా అని చూసుకోండి. మారుతీ జిప్సీ, పాత మహీంద్రా జీపు కొనేవారు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏళ్ళ తరబడి ఆ లివరు కదపక బిగిసిపోయిన బండ్లు చాలా ఉన్నాయి. బండి కింద పడుకొని చూసి చెప్పే మెకానిక్కును వెంట తీసుకుపోండి. బండి కడిగించి, మెరుగు పెట్టించి చూపించేవాడి మాట నమ్మకండి.

ఆ చిన్న లివరుకు మామూలుగా మూడు స్థానాలు. టూ హెచ్ అంటే రోడ్డు మీద, రెండు చక్రాల లాగుడు. ఫోర్ హెచ్ అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి, వేగం మామూలే. ఫోర్ ఎల్ అంటే నాలుగు చక్రాలూ లాగుతాయి, వేగం బాగా తగ్గి, తగ్గినంత మేర బలం పెరుగుతుంది. థార్‌లో ఇది దాదాపు రెండున్నర రెట్లు. ఎద్దుబండి నడకలో బండి తనంతట తాను పోతుంది. మా జీపు పెద్దాయన "టీచరమ్మా, మీరు బండిని తోలకండి, దాన్ని నడవనియ్యండి" అనేవారు. ఆయన చెప్పింది ఈ ఫోర్ ఎల్ గురించే.

ఒక సంగతి మాత్రం మొదటి రోజే తెలిసి ఉండాలి. ఎండిన తార్రోడ్డు మీద ఫోర్ హెచ్ గానీ, ఫోర్ ఎల్ గానీ వేసి నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్న ఎక్కువ దూరం తిరుగుతాయి. ఇలాంటి బండ్లలో ముందు, వెనక ఇరుసులు రెంటినీ కలిపి కట్టేస్తాం గనుక ఆ తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. మట్టిలోనైతే టైరు కొంచెం జారి తీరిపోతుంది. తారు మీద జారదు. ఆ మెలి అంతా లోపలి పళ్ళచక్రాల మీద పడుతుంది. లివరు బిగుసుకొని రాకపోతే బలవంతం చేయకుండా, నాలుగడుగులు వెనక్కి తోలి చూడండి, వదులవుతుంది.

మరొకటి. నాలుగు చక్రాలూ లాగుతున్నాయి గదా, ఇంక కూరుకుపోదని అనుకోకండి. ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ అనే అమరిక, పట్టు లేని చక్రానికే తిప్పుడు పంపేస్తుంది. ముందు ఒకటి, వెనక ఒకటి గాలిలోనో బురదలోనో ఉంటే అవి రెండే గిరగిర తిరుగుతాయి, గట్టినేల మీదున్న మిగతా రెండూ కదలవు. అందుకే చక్రం ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. అది బండిలో కూర్చుంటే కనబడదు, దిగి నడవాలి. కొత్తవారికి దిగి చూడడం నామోషీగా ఉంటుంది. మా జీపాయన ముప్పై ఏళ్ళు నడిచిన దారిలో కూడా వాన వెలిశాక దిగి, చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో నేల నొక్కి చూసి మరీ ఎక్కేవారు.

నేర్చుకోవడానికి ఎప్పుడు, ఎక్కడ? పంగుని, చిత్తిరై నెలల్లో పత్తికట్టె పీకేసిన తర్వాత మీదో, మీ చుట్టాలదో బీడు ఉంటే అది చాలు. నేల గట్టిగా ఉంటుంది, పైరు ఉండదు. ఫోర్ ఎల్‌లో మొదటి గేరు వేసి, కాళ్ళు రెండూ తీసేసి, బండి తానుగా నడవడం చూడండి. తర్వాత చిన్న గట్టు ఎక్కించండి, దించండి. దిగేటప్పుడు క్లచ్ తొక్కకూడదు, న్యూట్రల్ చేయకూడదు. ఇంజను పట్టే బండిని ఆపుతుంది. ఎక్కుతూ మధ్యలో ఆగిపోతే అడ్డం తిప్పే ప్రయత్నం చేయకండి. అడ్డం తిరిగిన బండే పక్కకు దొర్లేది. బ్రేకు మీద నిలిపి, రివర్సు వేసి, తిన్నగా వెనక్కి దిగిపోవాలి. బొటనవేళ్ళు స్టీరింగు లోపలికి చుట్టి పట్టకండి. రాయి తగిలి స్టీరింగు గిర్రున తిరిగినప్పుడు వేలు విరుగుతుంది. పాత జీపుల్లో ఇది మరీ ఎక్కువ. సీటు బెల్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు గదా.

నేర్చుకొనే చోటుగా చెరువు గర్భాన్ని ఎంచుకొనేవారున్నారు. మన కణ్మాయిలు ఎండి, బల్లపరుపుగా, మైదానంలాగ కనబడతాయి. నాకు ఆ చోటు నచ్చదు. పైన రెండంగుళాలు ఎండి పెచ్చు కట్టి ఉంటుంది, కింద నడుం లోతున బురద అలాగే ఉంటుంది. మేకలు నడిచిపోయాయని మీరు బండి దించితే ట్రాక్టరు వచ్చి లాగవలసిందే. పైగా అంచుల్లో సీమ కరువేలం, అంటే తెలుగునాట సర్కారు తుమ్మ అంటారే, ఆ ముళ్ళు కొత్త టైరును కూడా దూరిపోతాయి.

ఇసుక సంగతి వేరు. సాత్తూరు దగ్గర వైప్పారు లాంటి ఎండిన ఏరు, తూత్తుకుడి జిల్లా తెన్ను వైపు తేరి అనే ఎర్ర ఇసుక దిబ్బలు. ఇసుకలో టైరు గాలి తగ్గించడమే సగం విద్య. ముప్పైల్లో ఉన్నదాన్ని పద్దెనిమిది, ఇరవైకి దింపితే టైరు అడుగు వెడల్పై, ఒంటె పాదంలాగ పైన పరుచుకొంటుంది. పదిహేనుకు తక్కువైతే మలుపులో రిమ్మునుంచి టైరు ఊడివచ్చే ప్రమాదముంది. ఇసుకలో బ్రేకు వేయకండి, దానంతటది ఆగనివ్వండి, చక్రం ముందు ఇసుక కుప్పపడదు. అన్నట్టు, తేరిలో కొంత భాగం అటవీశాఖది. వైప్పారులో చీకటిపడ్డాక బండి దించితే ఇసుక దొంగ బండి అనుకొంటారు. మీ శిక్షణ సంగతి అప్పుడు పోలీసులకు చెప్పుకోవలసి వస్తుంది.

నీళ్ళ దగ్గర మాత్రం కొంచెం నిలిచి మాట్లాడతాను. బండ్లు పోయేదీ, మనుషులు పోయేదీ ఇక్కడే.

మన ఓడైలు, అంటే వాగులు, ఏడాదిలో పది నెలలు పొడి. ఎక్కడో ఎగువన కురిస్తే, ఇక్కడ చుక్క పడకుండానే గంటలో నిండి పారతాయి. థార్ బండి 650 మిల్లీమీటర్ల నీటిలో పోగలదని కంపెనీ చెబుతుంది. ఆ లెక్క బండి సత్తాకు సంబంధించింది, మీ ఊరి వాగుకు సంబంధించింది కాదు. పారే నీళ్ళు అడుగు లోతుంటే చిన్న కార్లను పక్కకు నెట్టేస్తాయి, రెండడుగులుంటే పెద్ద బండ్లనూ తేల్చి తీసుకుపోతాయి. బండి బరువు ఎక్కువ గదా అని ధైర్యం వద్దు. నీరు ఎత్తేకొద్దీ చక్రం కింద బరువు తగ్గిపోతుంది.

2023 డిసెంబరు 17, 18 తేదీలు మీకు గుర్తుండే ఉంటాయి. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్ల వాన పడింది. శ్రీవైకుంఠం స్టేషనులో తిరుచెందూరు ఎక్స్‌ప్రెస్‌లోని దాదాపు 800 మంది ప్రయాణికులు చిక్కుకొన్నారు. రైలుకట్టే కొట్టుకుపోయింది. కట్టలు కొట్టుకుపోయే వరదలో నీళ్ళ కింద రోడ్డు ఉందో లేదో ఎవరికి తెలుసు? మీరు నిన్న దాటిన కల్వర్టు ఈ రోజు లేకపోవచ్చు. నీటి కింద అడుగు కనబడకపోతే, నడుముకు తాడు కట్టుకొని ఒక మనిషి నడిచి దాటలేకపోతే, బండి దించకూడదు. పారుతున్న నీటికైతే ఆ మనిషిని కూడా దించకూడదు, ఆగాలి. బండిలో నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉన్నా, ఆమెకోసమే ఆగాలి. చుట్టుతిరిగి పోయే దారికి ఇంకో గంట పడుతుంది, పట్టనివ్వండి. మా జీపాయన ఒకసారి అలాగే ఒడ్డున ఆపేసి, ఊరివాళ్ళు ఎన్ని తిట్టినా కదలక, పదిహేను కిలోమీటర్లు చుట్టి కోవిల్‌పట్టి ఆసుపత్రికి చేర్చారు. బిడ్డ క్షేమంగా పుట్టింది. తిట్టినవాళ్ళు మాత్రం మరునాడు కూడా తిట్టారు.

నిలవ నీరైతే, లోతు చక్రంలో సగానికి మించకపోతే, ఫోర్ ఎల్‌లో మెల్లగా, ఒకే వేగంతో పోవాలి. ఇంజను ఆగిపోతే మళ్ళీ తాళం తిప్పకండి. లోపలికి నీరు పీల్చి ఉంటే పిస్టను నీటిని నొక్కలేక కడ్డీలు వంగిపోతాయి. అలాంటి నష్టానికి మామూలు బీమా డబ్బులివ్వకపోవచ్చు, కాగితం చదువుకోండి. తోసుకొని బయటికి తీయించడమే మంచిది.

కూరుకుపోయినప్పుడు చేసే మొదటి పని కాలు తీసెయ్యడం. తొక్కేకొద్దీ గుంట లోతవుతుంది. పార తీసి చక్రాల ముందు మట్టి తవ్వండి, గాలి తగ్గించండి, పత్తికట్టెలు, తాటిమట్టలు, గోనెసంచులు ఏవి దొరికితే అవి వేయండి. జాకీ కింద వెడల్పాటి చెక్క లేకపోతే రేగడి జాకీనే మింగుతుంది. ఇంకో బండితో లాగిస్తే తాడును ఛాసిస్ కొక్కేనికే కట్టండి, బంపరుకు కట్టకండి. తాడు తెగితే కొరడాలాగ వస్తుంది. తాడు ఎంత పొడవో అంతకన్న ఎక్కువ దూరంలో జనాన్ని నిలబెట్టండి. మన ఊళ్ళలో బండి లాగుతుంటే పిల్లలందరూ తాడు చుట్టూ మూగుతారు. వాళ్ళను తరమడానికే ఒక మనిషి కావాలి.

పొలాల సంగతి ఒకటి చెప్పాలి. మనది వానకు పండే నేల. ఐప్పసిలో కురిసిన నాలుగు వానల్ని గట్టు పట్టి నిలిపితేనే పత్తీ, మినుమూ, సజ్జా. ఆ గట్టును సరదాకు ఒక బండి తొక్కిపోతే, గాడిలోంచి నీరు జారిపోతుంది. తడినేల మీద చక్రం తొక్కిన చోట మట్టి అణగి, పైరు లేవదు. పట్నంనుంచి ఆదివారం వచ్చి, అడగకుండా పొలాల్లో దిగే బండ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఊళ్ళోకి పోయి, "పెద్దాయనా, ఇటు పోవచ్చునా?" అని ఒక్క మాట అడిగితే దారీ చెబుతారు, మజ్జిగా ఇస్తారు. కురుమలై వంటి అడవుల్లో మాత్రం ఊరివారి మాట చాలదు, అటవీశాఖ అనుమతి కావాలి. శ్రీవిల్లిపుత్తూరు అడవి 1988లో అభయారణ్యమైంది, 2021లో మేగమలైతో కలిపి పులుల అభయారణ్యం చేశారు. అక్కడ దారి వదిలి పోవడమే నేరం.

బండికి పెద్ద టైర్లు, ఎత్తు స్ప్రింగులు వేయించాలని కుర్రవాళ్ళు ఉబలాటపడతారు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఆ డబ్బుతో గాలి చూసే మీటరు, గాలి కొట్టే పంపు, పార, మంచి తాడు, చెక్క కొనండి. ఇంకా మిగులుతుంది.

ఇంటికి వచ్చాక చక్రాల లోపలివైపు మట్టి అదే రోజు కడిగేయండి. రేగడి ఎండితే సిమెంటు. ఒకవైపు అంటుకొన్న ముద్ద వల్ల నలభైనాలుగో నంబరు జాతీయరహదారి మీద వేగం పెంచగానే స్టీరింగు వణుకుతుంది. నీళ్ళలో దిగి ఉంటే బ్రేకు నాలుగైదుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి. తగ్గించిన గాలి తిరిగి కొట్టుకొని, లివరు టూ హెచ్‌లోకి వచ్చిందో లేదో చూసుకొని, అప్పుడు తార్రోడ్డు ఎక్కండి.