పిల్లల కోసం: మనుషుల్లేని ఊరికి ఇద్దరు ఎంపీలు

పిల్లలూ, ఈ ఎపిసోడ్ మీకోసమే. అమ్మానాన్నలు పక్కనుంటే వాళ్ళూ వినొచ్చు, చివర్లో వాళ్ళకో పని ఉంది.

ఇవాళ ఓల్డ్ సేరమ్ అనే నియోజకవర్గం గురించి చెబుతాను. నియోజకవర్గం అంటే ఏమిటి? దేశాన్ని భాగాలుగా విడదీస్తారు. ఒక్కో భాగంలో ఉన్న జనం తమ తరఫున మాట్లాడమని ఒకర్ని పార్లమెంటుకి పంపుతారు. ఆ భాగమే నియోజకవర్గం. వెళ్ళేవారు ఎంపీ.

ఓల్డ్ సేరమ్ అంటే సాల్స్‌బరీ పక్కనున్న ఒక గుట్ట. ఒకప్పుడు దానిమీద కోట, పెద్ద చర్చి, ఊరు ఉండేవి. 1220లో కింద మైదానంలో కొత్త చర్చి కట్టడం మొదలుపెట్టారు. జనం కూడా మెల్లగా కిందకి దిగిపోయారు. అదే ఇప్పటి సాల్స్‌బరీ. పైన ఊరు ఖాళీ అయిపోయింది. కానీ దాని ఎంపీ సీట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఒకటి కాదు, రెండు!

మరి ఓటు ఎవరు వేసేవాళ్ళు? అక్కడ ఓటు మనిషిది కాదు, స్థలానిది. కొన్ని పాత ఇళ్ళ స్థలాలుండేవి. అవి ఎవరి పేరున ఉంటే వాళ్ళకి ఓటు. ఆ స్థలాలన్నీ ఒక్కడే కొనేస్తే? ఎంపీలిద్దరూ అతను చెప్పినవాళ్ళే. ఎన్నిక ఓ చెట్టు కింద జరిపి పని కానిచ్చేసేవారు. మీ క్లాస్ లీడర్‌ని మీరు కాకుండా, బెంచీలు కొన్న ఒకాయన నిర్ణయిస్తే ఎలా ఉంటుంది? అలాగన్నమాట.

అలా కొన్నవాడు థామస్ పిట్. ఈయన మనకి మరీ కొత్తవాడేం కాదు. 1698 నుంచి 1709 దాకా మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. అక్కడ ఓ ముడి వజ్రం కొన్నాడు, దాదాపు 410 క్యారట్లు. మన కృష్ణ ఒడ్డు గనుల వజ్రం! 1717లో దాన్ని ఫ్రాన్సుకి అమ్మాడు. రీజెంట్ వజ్రం అనే పేరుతో ఇప్పుడు ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

వజ్రాన్ని అమ్మేశాడు గానీ, ఓల్డ్ సేరమ్ మాత్రం ఆస్తిలాగే కుటుంబానికి వచ్చింది. మనవడు విలియం పిట్ 1735లో అక్కడి నుంచే ఎంపీ అయ్యాడు. తర్వాత ప్రధానమంత్రి కూడా అయ్యాడు. గొప్పగా మాట్లాడేవాడు. కానీ ఆయన్ని మొదట పార్లమెంటుకి పంపింది జనం కాదు, ఇంట్లోవాళ్ళే.

ఇంకోపక్క మాంచెస్టర్ చూడండి. మిల్లులొచ్చి ఊరు పెరిగిపోయింది, లక్షకు పైగా జనం. సొంత ఎంపీ ఒక్కరూ లేరు! 1819లో అక్కడి సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌లో వేలమంది చేరి, మాకూ పార్లమెంటులో చోటు కావాలని అడిగారు. వాళ్ళమీదకి గుర్రపు దళాన్ని పంపారు. పదిమందికి పైగా చనిపోయారు.

చివరికి 1832లో చట్టం మారింది. అప్పటికి ఓల్డ్ సేరమ్‌లో ఓటర్లు 11 మంది అని లెక్క, వాళ్ళూ అక్కడ ఉండేవాళ్ళు కాదు. దాంతోపాటు అలాంటివి మొత్తం 56 రద్దయ్యాయి. మాంచెస్టర్‌కి ఇద్దరు ఎంపీలు వచ్చారు. అయినా పేదలకీ ఆడవాళ్ళకీ ఓటు రాలేదు. దానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

నియోజకవర్గం పోయిందంటే అన్నిసార్లూ మోసం జరిగిందని కాదు. జనం మారినప్పుడు హద్దులూ మార్చాలి. తెనాలి, బొబ్బిలి ఒకప్పుడు లోక్‌సభ నియోజకవర్గాలే. 2008లో హద్దులు మార్చినప్పుడు పోయాయి. అక్కడి జనం మాత్రం ఓటు పోగొట్టుకోలేదు, వేరే నియోజకవర్గాల్లో కలిశారు.

ఇప్పుడు అమ్మానాన్నలకి పని. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, భారత పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో వీసామీద ఉంటున్న పెద్దవాళ్ళు కూడా ఇక్కడి ఎంపీ ఎన్నికలో ఓటు వేయొచ్చు. జాబితాలో పేరుండాలి, అంతే. చాలామందికి ఈ సంగతే తెలీదు. కాబట్టి పిల్లలూ, ఇవాళ ఇంట్లో అడగండి: "మన పేరు ఓటర్ల జాబితాలో ఉందా?" లేదంటే, ఎక్కించేదాకా వదలకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.