కడుపులోని సూక్ష్మజీవుల కబురు



ఈవేళ మాట మలపరీక్ష గురించి. ముక్కుమీద వేలేసుకోకండి. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తామే, మనకి విరేచనంలో రక్తం కనబడితే మాత్రం "మొలలేలే" అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. మొలలే కావచ్చు. పెద్దప్రేగు కాన్సరూ కావచ్చు.

ఈ కాన్సర్ చాలావరకు ప్రేగు లోపలి పొరమీద పులిపిరిలాంటి చిన్న కండతో మొదలౌతుంది. అది ముదరటానికి ఏళ్ళు పడుతుంది. ఆలోగా కనబడితే గొట్టం పరీక్షలోనే, అదే కొలనోస్కోపీలో, తీసివేయవచ్చు. కాని అందుకు ప్రేగు కడిగే మందు తాగాలి, ఖర్చూ ఉంది. ఏ బాధా లేని మనిషి ఎందుకు వెడుతుంది చెప్పండి?

ఇక్కడే సూక్ష్మజీవులు పనికొస్తున్నాయి. రోజూ పాలు తోడువేసే మనకి అవి కొత్తేమీ కావు. మన ప్రేగుల్లోనూ కోటానుకోట్లున్నాయి. మామూలుగా నోట్లో ఉండే ఫ్యూసోబాక్టీరియం అనే జీవి పెద్దప్రేగు కాన్సర్ కంతుల్లో హెచ్చుగా ఉన్నట్టు 2011 లో కెనడా, అమెరికా పరిశోధకులు వేరువేరుగా కనిపెట్టారు.

2025 లో స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయం వారు ఇంకా లోతుకు వెళ్ళారు. ఇంటిపేరు ఒకటే అయినా అన్నదమ్ముల్లో ఒకడు సాధువు, ఒకడు గడుగ్గాయి అయినట్టు, ఒకే జాతి సూక్ష్మజీవిలోనూ ఉపజాతులుంటాయి. ఆ తేడాలన్నీ పట్టిక వేశారు. రోగుల మలంలో ఏవున్నాయో, ఆరోగ్యవంతుల మలంలో ఏవున్నాయో కంప్యూటరుకిచ్చి, తేడా తనంతట తానే నేర్చుకునేట్టు చేశారు. కృత్రిమ మేధ అంటున్నది దీన్నే. అది నూటికి 90 మంది రోగుల్ని గుర్తుపట్టింది. గొట్టం పరీక్షకు వారు చెప్పిన లెక్క 94.

మరి మిగతా పదిమందీ? వాళ్ళు తప్పిపోయినట్టే కదా! జబ్బుందని కంప్యూటరు చెప్పినా గొట్టం పరీక్షతో రూఢి చేసుకోవలసిందే. జబ్బు ఏ దశలో ఉండగా ఇది పట్టగలదో తేల్చటానికి అక్కడి ఆసుపత్రులతో కలిసి పరీక్షలు తలపెట్టారు.

అందాకా మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే పరీక్ష ఉండనే ఉంది. అమెరికా నిపుణుల సంఘం 2021 నుంచి 45 ఏళ్ళకే పరీక్షలు మొదలుపెట్టమంటోంది. రక్తం కనబడినా, విరేచనం తీరు వారాల తరబడి మారినా వయసు చూసుకుంటూ ఆగకండి. ఇంకొకటి. "ఆడవాళ్ళకి రక్తం తక్కువుండటం మామూలేగా" అంటారు. ముట్లుడిగాక కూడా తక్కువుంటే, అది ఎటు పోతోందో వెతకాలి, ఐరన్ మాత్రలతో సరిపెట్టకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు, తల్లిదండ్రులకిగాని తోబుట్టువులకిగాని ఈ జబ్బు వచ్చిందేమో, ఏ వయసులో వచ్చిందో పెద్దవాళ్ళనడిగి తెలుసుకోండి. ఆయన మొదట అడిగేవాటిలో అదొకటి.