నెగటివు చెప్పెడి సాక్ష్యము

నలుపు తెలుపు ఫిల్ముతో ఫోటోగ్రఫీ నేర్చువారికి మొదటి ఫిల్ము తరచుగా నిరాశనే మిగుల్చును. అంతమాత్రమున కెమెరాను నిందింపరాదు. నెగటివును వెలుతురునకు పట్టి చూడవలెను.

35 మిల్లీమీటర్ల ఫిల్ము అంచున తయారీదారులు ముందే కాంతితో ముద్రించిన అంకెలుండును. వానికి కెమెరాతో సంబంధము లేదు. డెవలపరు తగిలినప్పుడే అవి నల్లబడును. అంకెలు స్పష్టముగా నుండి బొమ్మలు అసలే లేనిచో, ఫిల్ము కెమెరాలో కదలలేదు, లేదా షట్టరు తెరుచుకొనలేదు. అంకెలు బాగుండి బొమ్మలో నీడపట్టు భాగములు గాజువలె నున్నచో, వెలుతురు చాలలేదు. అంకెలే వెలవెలబోయినచో, డెవలపరు బలమో, వేడిమియో, ఉంచిన కాలమో తగ్గినది.

డెవలపరునకు సాధారణ ప్రమాణము 20 డిగ్రీల సెంటిగ్రేడు. మన వేసవిలో కుళాయి నీరే 30 దాటవచ్చును. మంచుగడ్డలను పాత్ర చుట్టును పేర్చవలెను. లోపల వేసినచో డెవలపరు పలచబడును.

ఫిల్ము పాలవలె మసకగా నున్నచో పారవేయకుడు. హైపో చాలలేదన్నమాట; వెంటనే మరల హైపోలో నుంచిన సాధారణముగా తేటపడును.

పెండ్లిపీటలు, పండుటాకువంటి తాతగారి ముఖము మరల దొరకునవి కావు. వానికై కెమెరా ఎత్తక మునుపే ఒక ఫిల్మును ఈ పరీక్షకు వెచ్చించుట మేలు.