పల్లేరును నమ్ముకొన్న నీలి రెక్కలు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



కళ్యాణదుర్గము పట్టణపు అంచున ఒక ఇంటి తోట గలదు. తొలకరి కురిసిన కొలది దినములకు మేము ఉదయము అచ్చట కూర్చొని చూచితిమి. కూరపాదుల నడుమ చిన్న నీలి సీతాకోకచిలుకలు నేలకు జానెడెత్తున ఎగురుచుండెను, వాలినంతనే కానరాకుండెను. కారణమేమన, వాని రెక్కల పైభాగమే నీలము. రెక్కలు ముడిచినపుడు కనుపించు అడుగుభాగము బూడిద వన్నె, దానిపై నల్లని చుక్కలు. నీలము మగదాని సొమ్ము. ఆడుది ముదురు గోధుమ వన్నెది.

రెక్కలు చాచినను ఇది సుమారు రెండు సెంటీమీటర్లే. ఇది గ్రుడ్లు పెట్టు మొక్కలలో పల్లేరు, చిలుకతోటకూర ముఖ్యమైనవి. కాలికి ముల్లు గ్రుచ్చునని మనము తిట్టు పల్లేరే దీని పిల్లలకు అన్నము. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ జిల్లాలో, నాలుగు చినుకులకే మొలచు ఆ మొక్కయే దీనికి ఆధారము. ఈ జాతి గొంగళిపురుగులు పెక్కింటి వెంట చీమలుండును. పురుగు తీయని ద్రవమిచ్చును. చీమలు దానిని శత్రువులనుండి కాచును.

నీలి రెక్కలన్నియు రైతునకు మేలు చేయునని మేము చెప్పము. తోకలుగల మరియొక నీలి జాతి కంది, అలసంద కాయలలోని గింజలను తినును. దానిమ్మ కాయను తొలుచు పురుగు కూడ ఈ కుటుంబములోనిదే. దానిని అరికట్టుటకు తొలిచిన కాయలను ఏరి నాశనము చేయవలెను, పిందెలకు సంచులు తొడుగవలెను. కావున ఏది ఏ మొక్కపై గ్రుడ్డు పెట్టుచున్నదో చూచిన పిమ్మటనే మందు మాట తలపెట్టుట మంచిది.

ఇందు పంచాయతీ పని ఏమని మీరడుగవచ్చును. బడి ఆవరణలోను, నడచు దారిలోను పల్లేరును పారతో చెక్కించుడు. పిల్లల కాళ్ళకు ముళ్ళు గ్రుచ్చరాదు. కాని నడక లేని కంచె వెంబడి, కుంట గట్టు వెంబడి కలుపు మందు చల్లింపక బారెడు నేలను విడిచిపెట్టుడు. దీనికి పైసా ఖర్చు లేదు. మందుతో ఆ బారెడును మాడ్చినచో, మరుసటి తొలకరికి గ్రుడ్డు పెట్టుటకు వానికి చోటుండదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలను ఏర్పరచి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధము చేయవలెను. గొఱ్ఱెల కాపరులను, కలుపు తీయు స్త్రీలను పిలిచి, వారెరిగిన మొక్కల పేర్లను అందు వ్రాయించుడు. ఆ పుటలో పల్లేరు ప్రక్కన ఈ నీలి సీతాకోకచిలుకకును ఒక పంక్తి ఇయ్యుడని మా మనవి.