చచ్చిన చేప నేర్పిన లెక్క



“ఆడవారి మెదడు వేరు, మగవారి మెదడు వేరు” అంటూ పత్రికల్లో రంగురంగుల మెదడు బొమ్మలు వేస్తూంటారు. ఎర్రగా వెలిగే ఆ చుక్కలు చూడగానే, కళ్ళకు కనబడుతోంది కదా అని నమ్మేస్తాం. కాని ఆ రంగులు కెమెరా తీసినవి కావు, లెక్క కట్టి వేసినవి. ఆ లెక్క సంగతే ఈ రోజు ముచ్చటించుకుందాం.

మెదడులో పని జరిగే చోటికి ప్రాణవాయువు నిండిన రక్తం ఎక్కువగా చేరుతుంది. ఎఫ్.ఎం.ఆర్.ఐ. అనే అయస్కాంత యంత్రం ఆ తేడాను పసిగడుతుంది. తేడా బహు స్వల్పం. అందుకని మెదడును లెక్కలో పెసరగింజంతేసి ముక్కలుగా, వేలకొద్దీ విడదీసి, ఒక్కొక్క ముక్కలోనూ వచ్చిన మార్పు నిజమా, కాకతాళీయమా అని కంప్యూటరు పరీక్షిస్తుంది. నిజమని తేలిన చోట రంగు వేస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నాణెం పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ బొమ్మే పడటం సుమారు వెయ్యికి ఒక్కసారి. మీ ఒక్కరికే అలా పడితే వింతే. మరి తిరునాళ్ళలో లక్షమందీ ఎగరేస్తే? వందమందికి దాకా పడుతుంది. వాళ్ళ చేతిలో మహిమ ఏమీ లేదు!

2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక చచ్చిన సాల్మన్ చేపను ఆ యంత్రంలో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, ఈ మనిషికి ఏమనిపిస్తోందో చెప్పమని అడిగారు. మామూలు హద్దుతో లెక్క కడితే చేప మెదడులోనూ చుక్కలు వెలిగాయి! ఎన్ని చోట్ల పరీక్షించారో చూసుకుని హద్దు బిగించగానే ఒక్కటీ మిగల్లేదు. ఈ పనికి 2012లో నవ్వించి ఆలోచింపజేసే ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. 2016లో ఎక్లుండ్, నికొల్స్, నుట్సన్ అనే ముగ్గురు, వాడుకలో ఉన్న కొన్ని లెక్కింపు పద్ధతుల్లో నూటికి 5 దాటకూడని తప్పులు 70 దాకా పోవచ్చని చూపించారు.

డాక్టరుగారు గడ్డ ఉందేమోనని తీయించే ఎం.ఆర్.ఐ. సంగతి వేరు, దాన్ని మానకండి. కాని ఆడపిల్లకు లెక్కలు రావని ఎవరైనా ఇలాంటి చుక్కల బొమ్మ చూపిస్తే మాత్రం అడగండి: ఎంతమందిని చూశారు? ఎన్ని చోట్ల వెతికారు? ఇంకొకరు చేసినా అదే వచ్చిందా? జవాబు వచ్చేదాకా పిల్ల చేతిలోని పలక తీసేయకండి.