పరదేశీయుడు పౌరుడగుట

పుట్టుకచే పౌరుడైనవాడు తన హక్కునకై యెవరిని అర్థింపనక్కఱలేదు. పరదేశమునుండి వచ్చినవాడన్ననో దాని నడిగి పొందవలెను. అప్పుడు వానిని దేనితో కొలుతురన్నదే మా ప్రశ్న.

అమెరికా సంయుక్తరాష్ట్రముల 1790వ సంవత్సరపు చట్టము స్వతంత్రులగు శ్వేతజాతీయులకే పౌరసత్వార్హత నొసగెను. 1870లో ఆఫ్రికా సంతతివారిని చేర్చిరి. పంజాబీయుడగు భగత్‌సింగ్ థిండ్ మొదటి మహాయుద్ధకాలమున ఆ దేశపు సైన్యమున పనిచేసినవాడు. క్రింది న్యాయస్థానము ఆయనను పౌరునిగా అంగీకరింపగా, ప్రభుత్వము దానిని రద్దు చేయింపబూనెను. అంతకు కొలది కాలము ముందే, 1922 నవంబరున, జపానీయుడగు ఒజావా వ్యాజ్యములో శ్వేతుడనగా కాకేసియను జాతివాడని సర్వోన్నత న్యాయస్థానము పలికియుండెను. తానును కాకేసియనుడనే గదా యని థిండ్ వాదించెను. 1923 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానము, శాస్త్రజ్ఞుల వర్గీకరణము చెల్లదు, సామాన్యజనుడు ఎవనిని శ్వేతుడనునో వాడే శ్వేతుడనెను! రెండు తీర్పులను వ్రాసినది జస్టిస్ సదర్లాండుగారే. న్యాయవాదులమగు మాకు ఇట్టి విచిత్రము అరుదుగా తారసిల్లినది.

అంతటితో ఆగలేదు. అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పత్రములను సయితము రద్దుచేసిరి. కాలిఫోర్నియాలో పౌరుడు కాజాలని పరదేశీయునకు పొలము కొను హక్కు లేకుండెను.

థిండ్ 1936లో, యుద్ధసైనికులకై చేసిన చట్టముచే పౌరుడయ్యెను. తక్కిన భారతీయులకు 1946లో ద్వారము తెఱచిరి. వలసవచ్చువారు మాత్రము ఏటికి నూర్గురే. చట్టమున జాతినియమము 1952లో గాని తొలగలేదు. నేడు సామాన్యముగా ఐదేండ్ల స్థిరనివాసము, భాషాపరీక్ష, చరిత్రపరీక్ష, ప్రమాణము కావలెను. మన తెలుగువారనేకులు ఆ ప్రమాణము గావించిరి.