పిశాచి పేరు బిల్
(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ పెద్దాయన్ని మేమంతా షాపు బాబాయిగారు అనేవాళ్లం. బస్టాండు వెనక సందులో అద్దె పుస్తకాల షాపు. రోజుకి పావలా. ఆయన దగ్గర ఒకటే నియమం. పుస్తకంలో పెన్నుతో గీస్తే జరిమానా, పెన్సిల్‌తో రాస్తే చూసీచూడనట్టు ఊరుకునేవారు. అంచేత ఆ షాపులో ఏ నవల తీసినా వెనకట్ట లోపల ఒక చిన్న సభ జరుగుతూ ఉండేది. "బాగుంది." దాని కింద ఇంకో చేతిరాత, "ఏం బాగుంది, నీ మొహం." దాని కింద మరొకటి, "రెండోసారి చదివినా ఏడుపాగలేదు." కొందరైతే మొదటి పేజీలోనే రాసి పెట్టేవారు, "చివర్లో హీరోయిన్ చచ్చిపోతుంది, వేరేది తీసుకోండి" అని. అది పరోపకారమో పరపీడనమో నాకిప్పటికీ తేలలేదు. బాబాయిగారు మాత్రం ఒక్కటీ చెరిపేవారు కాదు. "పావలా ఇచ్చారు కదమ్మా, రెండు ముక్కలు రాసుకోనీ" అనేవారు.

విషయం నన్నే ఎంచుకోమన్నారు కనుక పాఠకుల అభిప్రాయాల మీదే మాట్లాడదామనుకున్నాను. ఏ పుస్తకం గురించో చెబితే ముందు వరసలోని పెద్దలు కొందరు ఉలిక్కిపడతారేమో. అమెరికాలో పదమూడు నవలలుగా వచ్చిన రక్తపిశాచి ప్రేమకథ. అదీ నవ్వించే ప్రేమకథ. నాకు అంటగట్టింది డాలస్‌లో ఉండే మా మేనకోడలు. ఆ వరసలో రెండో నవల చాలావరకు డాలస్‌లోనే నడుస్తుంది. "మా ఊరి కథ అత్తా" అని ఊరించి, చివరికి పదమూడూ చదివించింది.

రచయిత్రి షార్లేన్ హారిస్. 1951లో మిసిసిపీ రాష్ట్రంలోని టునికాలో పుట్టారు. మొదటి నవల 1981లో వచ్చింది. ఇరవై ఏళ్లపాటు హత్యలూ ఆచూకీలూ ఉన్న డిటెక్టివ్ నవలలు రాశారు. ఆదరించేవాళ్లు ఉన్నారు గానీ ఊరేగించేవాళ్లు లేరు. అప్పుడు రాసిందే 'డెడ్ అంటిల్ డార్క్'. ఇది హత్యా నవలా, ప్రేమకథా, దయ్యాల కథా, హాస్యమా? ఏ అరలో పెట్టాలో తెలియక ప్రచురణకర్తలు తటపటాయించారు. రెండేళ్లకు గానీ అమ్ముడుపోలేదు. 2001లో ఏస్ సంస్థ పేపర్‌బ్యాక్‌గా వేసింది. తర్వాత దానికి మిస్టరీ రచనలకిచ్చే ఆంథొనీ అవార్డు వచ్చింది. 2008 నుంచి 2014 దాకా హెచ్‌బీవో దాన్ని 'ట్రూ బ్లడ్' పేరుతో టీవీ సీరియల్‌గా తీసింది. 2013 నాటికి నవలలు పదమూడయ్యాయి. అన్ని పేర్లలోనూ చావు ఉంటుంది, చదువుతుంటే మాత్రం నవ్వొస్తుంది.

కథాస్థలం లూసియానాలో బాన్ టెంప్స్ అనే చిన్న ఊరు. మ్యాపులో వెతక్కండి, కల్పితం. జపాన్ వాళ్లు కృత్రిమ రక్తం కనిపెట్టి సీసాల్లో అమ్మకానికి పెట్టారు. ఇక మనుషుల మెడలు కొరకాల్సిన పనిలేదు గనుక వాంపైర్లు శవపేటికల్లోంచి లేచి, మేమూ ఈ దేశ పౌరులమే అంటూ బయటపడ్డారు. సూకీ స్టాక్‌హౌస్ అనే పాతికేళ్ల పిల్ల ఊళ్లో ఓ బారులో వెయిట్రెస్. తొలిసారి ఆ ఊరికి వాంపైర్ వచ్చి తన బల్ల ముందు కూర్చున్నాడు. ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న పిల్ల పరుగున వెళ్లింది. తీరా చూస్తే సీసా రక్తం స్టాకు లేదు, ఆర్డరు పెట్టారు, ఇంకా రాలేదు. పాపం, తాగలేని వైను తెప్పించుకుని ముందు పెట్టుకుని కూర్చున్నాడు ఆయన. తర్వాత పేరు చెప్పాడు. బిల్. సూకీ పకాలుమని నవ్వింది.

ఆ నవ్వు ఎందుకో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1819లో పోలిడోరి రాసిన కథలో వాంపైర్ ఒక ప్రభువు. 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులా ఒక కౌంటు. కోట, గుర్రబ్బండి, గొప్ప వంశం. అలాంటి జాతిలోంచి వచ్చినవాడు నా పేరు సుబ్బారావండీ అంటే మనకెలా ఉంటుంది? హాస్యానికి పాత కిటుకు ఇది, హోదా దించడం. మనకేం కొత్త కాదు. 1977లో 'యమగోల' వచ్చినప్పుడు సాక్షాత్తూ యమధర్మరాజునే మనం తెరమీద ముప్పుతిప్పలు పెట్టి నవ్వుకున్నాం. చావు అంటే భయం లేక కాదు. ఇంట్లో అందరికీ భయమైనవాడి మీదే కదా ఎక్కువ జోకులు పుడతాయి.

ఇంకో ఘట్టం చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే అది మన ఉపన్యాస ధర్మానికి సంబంధించింది. సూకీ బామ్మకు అమెరికా అంతర్యుద్ధ చరిత్ర అంటే పిచ్చి. వీరుల వారసుల సంఘం ఒకటుంటుంది, అందులో ఆవిడ సభ్యురాలు. ఇంటికొచ్చిన బిల్ ఆ యుద్ధంలో స్వయంగా పోరాడినవాడని తెలియగానే, అయితే మా సంఘంలో ఉపన్యాసం ఇవ్వు నాయనా అంటుంది. మనవరాలికి పిశాచితో స్నేహమేమిటన్న బెంగ లేదు, ఈ నెల వక్త దొరికాడన్న సంబరమే. ఇలాంటి సభలు నిర్వహించినవాళ్లకి ఆ సంబరం తెలుస్తుంది. చనిపోయినవాళ్ల గురించి బతికున్నవాళ్లు మాట్లాడితే స్మారకోపన్యాసం. అక్కడ చచ్చినవాడే వచ్చి మాట్లాడాడు. ఓ ముసలాయన లేచి, మా ముత్తాత మీకు తెలుసా అనడుగుతాడు. బిల్‌కి తెలుసు. ఆయన ఎలా పోయాడో చెబుతాడు. హాలంతా నిశ్శబ్దం. నవ్వుకుంటూ వచ్చిన మనకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

తర్వాత కొద్ది పేజీలకే ఆ బామ్మ తన వంటింట్లో హత్యకు గురై కనిపిస్తుంది.

ఈ పుస్తకం మీద పాఠకులు రెండుగా చీలేది ఇక్కడేనని నేను గమనించాను. హాస్యమని కొనుక్కున్నవాళ్లు, ఇంతసేపు నవ్వించి నెత్తురు మడుగు చూపిస్తావా అని పుస్తకం మూసేస్తారు. డిటెక్టివ్ నవలలకు అలవాటుపడ్డవాళ్లు, అమ్మయ్య, ఇప్పుడు కథ మొదలైంది అని సర్దుకు కూర్చుంటారు. దయ్యాల కథ కోసం వచ్చినవాళ్లకి భయం చాలదు. సూకీ ఏ రోజు ఏ బట్టలు వేసుకుందో, జుట్టు ఎలా ముడేసుకుందో, ఎన్నిసార్లు తలంటుకుందో ఈ వివరాలన్నీ మాకెందుకని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. నాకైతే అవే ఇష్టం. గుమ్మంలో పిశాచి నిలబడి ఉండగా గిన్నెలు కడగడం మానని మనిషిని నమ్మబుద్ధేస్తుంది.

ప్రేమకథ కోసం వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్ల గురించి కాస్త ఆగి మాట్లాడాలి.

సూకీకి ఒక శాపముంది. ఎదుటివాళ్ల మనసులో మాటలు ఆమెకు వినపడతాయి. అతీంద్రియ శక్తి అనకండి, ఆమె దాన్ని అంగవైకల్యం అంటుంది. ఒక అబ్బాయితో సినిమాకు వెళితే వాడు ఆమె ఒంటి గురించి ఏమనుకుంటున్నాడో పూర్తిగా వినపడుతుంది. ఇంక ప్రేమేమిటి? ఊరు ఊరంతా ఆమె బుర్రలో రొద. బిల్ పక్కన కూర్చున్నప్పుడు తొలిసారి ఏమీ వినపడలేదు. చచ్చినవాడి మనసు నిశ్శబ్దం. ఆమె ప్రేమించింది ఆ నిశ్శబ్దాన్ని. మన భేతాళుడేమో శవంలో దూరి, మోసేవాణ్ని కథలతో ప్రశ్నలతో వేధిస్తాడు. ఇక్కడ శవం నోరు మూసుకోవడమే వరమైంది. పిశాచి కథల్లో ఇంత తేలిగ్గా నవ్విస్తూ ఇంత లోతైన మాట చెప్పింది నేను మరొకటి చదవలేదు.

బిల్ ఒక్కడితో ఆగలేదు. వెయ్యేళ్ల పైబడిన వైకింగ్ ఎరిక్ వచ్చాడు. పొడుగరి, పొగరుబోతు, బారు యజమాని. రెండో నవలలో గులాబీ, నీలి రంగుల బిగుతు లెగ్గింగ్స్ వేసుకుని దిగాడు. నాలుగో నవలలో మంత్రగత్తెలు వాడి జ్ఞాపకశక్తి పోగొడితే, పొగరంతా పోయి పసివాడిలా సూకీ ఇంట్లో దాక్కున్నాడు. అంతే, లక్షల మంది పాఠకులు ఆ నవలలోనే కాపురం పెట్టేశారు. ఆ ఇద్దరి మధ్య సూకీ పనిచేసే బారు ఓనరు శామ్ ఉన్నాడు. కావాలనుకుంటే కుక్కగా మారగలడు. మంచివాడు, జీతాలు వేళకిస్తాడు. ప్రేమ నవలల్లో వేళకు జీతమిచ్చేవాణ్ని ఎవరు చూస్తారు?

2013 మే నెలలో చివరి నవల 'డెడ్ ఎవర్ ఆఫ్టర్' రావాల్సి ఉండగా, ముందే ముగింపు బయటికి పొక్కింది. సూకీ శామ్‌తో ఉండిపోతుంది. ఇక గొడవ మొదలైంది. పుస్తకం చేతికి రాకముందే అభిప్రాయాలొచ్చాయి. డబ్బు వెనక్కివ్వమన్నవాళ్లు, పన్నెండు పుస్తకాలు మోసపోయామన్నవాళ్లు, రచయిత్రిని తిట్టినవాళ్లు. అభిమానులు రచయితల మీద తిరగబడడం కొత్తకాదు. 1893లో కోనన్ డాయిల్ షెర్లాక్ హోమ్స్‌ను జలపాతంలో పడేసినప్పుడు కూడా పాఠకులు ఊరుకోలేదు. ఆయన చివరికి లొంగి హోమ్స్‌ను బతికించాల్సి వచ్చింది. హారిస్ లొంగలేదు. ముగింపు తనకు చాలా ముందునుంచీ తెలుసన్నారు.

ఇక్కడ నాకు తోచింది చెబుతాను. సూకీకున్న శాపం పదమూడో పుస్తకం నాటికి రచయిత్రికి తగిలింది. ప్రతి పాఠకుడి మనసూ ఆమెకు వినపడసాగింది. ఊరంతా బుర్రలో రొద. అలాంటప్పుడు మనిషి చేసేది సూకీ చేసిందే, వినపడకుండా తలుపులు వేసుకోవడం. ఆ నవలలో కొంత పొడితనం నాకూ కనిపించింది, ఎవరికీ సంజాయిషీ చెప్పదలచుకోనివాళ్ల పొడితనం. శామ్ మీద ప్రేమ ఇంకో నాలుగు సన్నివేశాల్లో పండనిచ్చి ఉంటే బాగుండేది. కోపమొచ్చినవాళ్లలో ఈ మాట అన్నవాళ్లతో నాకు పేచీ లేదు.

ముగింపు మోసం అన్నవాళ్లతోనే పేచీ. సూకీకి ఎండలో పడుకోవడమంటే ప్రాణం. మొదటి నవలనుంచీ వీలు చిక్కితే చాలు, పెరట్లో కుర్చీ వాల్చుకుని ఒళ్లు కాచుకుంటుంది. పగలు కళ్లు తెరవలేనివాళ్లతో ఈ పిల్ల కాపురం ఎలా చేస్తుంది? నవ్వు కోసం పెట్టిన ఆ వివరాన్ని నవ్వి వదిలేసినవాళ్లే చివర్లో ఆశ్చర్యపోయారు. పైగా ఎరిక్ సంగతి చూడండి. వాణ్ని వాంపైర్‌గా మార్చిన గురువు, తను పోయేముందే వాడికి ఓక్లహామా వాంపైర్ రాణితో సంబంధం ఖాయం చేసేశాడు. వెయ్యేళ్ల వైకింగ్ వీరుడు పెద్దలు కుదిర్చిన పెళ్లి తప్పించుకోలేక గింజుకుంటుంటే నేను పడీపడీ నవ్వాను. "అందులో నవ్వేదేముంది అత్తా" అంది మా మేనకోడలు, ముక్కు ఎగబీలుస్తూ. సంబంధాలు చూస్తున్న రోజులు దానికి, అది వేరే సంగతి.

అసలు ఎరిక్ పక్షం వాళ్లు ఓడిపోయింది పన్నెండో నవల చివర్లోనే. సూకీ చేతిలో ఒకే ఒక్క వరముంటుంది. అడిగితే ఎరిక్ పెళ్లి తప్పిపోవచ్చు. సరిగ్గా అప్పుడే శామ్ కళ్లముందు చచ్చిపడతాడు. ఆమె ఆలోచించలేదు, ఆ వరం పెట్టి వాణ్ని బతికించుకుంది. సావిత్రి కథ విని పెరిగినవాళ్లకు ఆ తర్వాత ఏం జరుగుతుందో ఎవరైనా చెప్పాలా? ఆ ఒక్క చోట మాత్రం తెలుగు పాఠకులు అమెరికా పాఠకుల కన్నా ఒక పేజీ ముందుంటారని నా అనుమానం.

అదే ఏడాది అక్టోబరులో హారిస్ 'ఆఫ్టర్ డెడ్' అని ఇంకో చిన్న పుస్తకం వేశారు. కథ కాదు. ఏ పాత్ర తర్వాత ఏమయిందో అక్షరక్రమంలో, నిఘంటువులా, ఒక్కొక్కరికీ నాలుగు ముక్కలు. ఎవరు పెళ్లాడారు, ఎవరు పోయారు, ఎవరు ఊరు వదిలారు. సూకీ శామ్‌లకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పాఠకులు దానిమీదా మండిపడ్డారు. బాబాయిగారి షాపులో కొన్ని నవలలకు ఆఖరి పేజీలు ఊడిపోయి ఉండేవి. అవి తీసుకెళ్లినవాళ్లు మర్నాడు షాపుకొచ్చి, చివరికి ఏమయిందండీ అనడిగితే, ఆయన లెక్క రాసుకుంటూనే తలెత్తకుండా చెప్పేవారు: "పెళ్లయింది. వాడు పోయాడు. ఆవిడ టీచరయింది." ఆయన మీద ఎవరూ మండిపడలేదు. అడిగి తెలుసుకున్నది గనుక కాబోలు.

మొన్న సెలవులకొచ్చినప్పుడు మా మేనకోడలు ఆ పదమూడూ నా దగ్గరే వదిలేసి వెళ్లింది, తన స్నేహితురాలి కూతురికి ఇమ్మని. ఇచ్చేముందు మొదటి నవల తీసి, బిల్ తన పేరు చెప్పే పేజీ వెతికి పట్టుకున్నాను. పెన్సిల్ చెక్కి, పక్కన ఖాళీలో రాశాను: "ఇక్కడ నవ్వు రాకపోతే పదమూడో పుస్తకం జోలికి పోకు."